తీరపట్టణము, విద్యార్థి, తెలుగు నవల

ఆంధ్ర నవలా వాఙ్మయమున విద్యార్థి పాత్రము క్రొత్తది కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశము 1924 ప్రాంతమున ప్రయాణము కట్టినది మొదలు 1969లో నవీన్‌గారి రవి ఉస్మానియా వసతిగృహమున కన్ను తెరచువరకు గడచిన కాలములో మన నవలాకారులు పెక్కుమంది విద్యార్థులను సృష్టించిరి. వీరిలో న్యాయశాస్త్రము చదివినవారు కలరు, వైద్యము చదివినవారు కలరు, చదువు మధ్యలో విడిచినవారును కలరు. అయినను వీరి విద్యార్థిత్వము గ్రంథమునందు ఎన్ని పుటలను ఆక్రమించినదని లెక్కింపబూనినచో లభించునది స్వల్పము. చదువుచున్న యువకుడని రచయిత చెప్పును, మనము నమ్ముదుము, కథ వివాహము దెసకో, దేశోద్ధరణము దెసకో మరలిపోవును. అతడు చదివిన ఊరు ఎట్టిది, ఆ ఊరి జనము అతనిని ఏమని తలచిరి, నెలాఖరున భోజనశాలకు బాకీ ఎంత నిలిచినది అను విషయములు కథకు వెలుపలనే ఉండిపోవును.

ఈ వ్యాసమున మేము తీసికొన్నది ఆ లోపములో ఒక చిన్న భాగము. సముద్రమునకు చేరువగా ఉన్న చిన్న పట్టణమున, ఒక ఉన్నత విద్యాసంస్థ నీడలో గడచు విద్యార్థి జీవితమును తెలుగు నవల ఎంతవరకు పట్టుకొన్నది? పట్టుకొననిచో కారణమేమి? మన దేశమున ఆంగ్లవిద్య తీరము వెంబడి వచ్చినదన్న సంగతి మరువరానిది. రాబర్టు నోబిలు దొర మచిలీబందరున 1843లో పాఠశాల తెరచెను. ఆ పట్టణముననే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి నాయకత్వమున ఒక తరమును తీర్చిదిద్దెను. 1926లో బెజవాడయందు పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరునకు తరలి సముద్రమునకు ఎదురుగా నిలిచెను. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల ఏర్పడెను. ఇన్ని విద్యాస్థానములు ఉప్పుగాలి తగులుచోట వెలసియున్నను మన నవలలోని విద్యార్థి మాత్రము ప్రాయికముగా మద్రాసునందో, హైదరాబాదునందో, కాశియందో, ఎడింబరోయందో చదువుచుండును. దీనికి సాధారణముగా చెప్పు సమాధానము ఒకటి కలదు. చిన్న పట్టణమున నవలకు సరిపడు వస్తువు లేదట; నాగరకతా సంఘర్షణము నగరముననే కానవచ్చునట. ఈ మాటను మా పరిశోధక విద్యార్థుల నోటనే పలుమారులు వినియున్నాము. దీనిని మేము అంగీకరింపజాలము. ఏల అంగీకరింపమో చెప్పుటకు ముందు బాపట్లనే కొంచెము దగ్గరగా చూడవలసియున్నది.

భావనారాయణస్వామి వెలసిన ఈ ఊరికి భావపురి అని నామాంతరము. 1913లో ప్రథమాంధ్ర మహాసభ బయ్యా నరసింహేశ్వరశర్మగారి అధ్యక్షతన ఇచ్చటనే జరిగినది. ముప్పదిరెండేండ్లకు ఇక్కడ వ్యవసాయ కళాశాల నెలకొన్నది. అంతకు పూర్వము వ్యవసాయ పట్టమును కోరిన తెలుగు విద్యార్థి కోయంబత్తూరునకు పోవలసియుండెను. అనగా తన పొలము మాగాణియైనను మెట్టయైనను, దానిని గూర్చిన శాస్త్రమును అతడు అరవదేశపు నేలపై నేర్చుకొనవలసియుండెను. బాపట్ల కళాశాల ఈ స్థితిని మార్చినది. మొదట ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు అనుబంధమై యుండి, 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడిన పిదప దానిలో అంగమైనది. ఆ విశ్వవిద్యాలయమునకు 1996లో ఆచార్య రంగాగారి పేరు పెట్టిరి. 1981లో ఒక ఇంజనీరింగు కళాశాలయు వెలసినది. 2022 ఏప్రిలు 4వ తేదీన బాపట్ల జిల్లా కేంద్రమైనది. విశ్వవిద్యాలయ ప్రధానస్థానము కాకున్నను, విద్యార్థులు లేని బాపట్లను ఊహించుట కష్టము. తెనాలి, రేపల్లె దిక్కులనుండి రైలుపై వచ్చువారు, వసతిగృహములలో ఉండువారు, గదులు అద్దెకు తీసికొని వండుకొనువారు, ఇట్లు ఈ ఊరి వీథులలో తిరుగువారిలో నాలుగేండ్లకొకమారు మారిపోవు జనము ఒకటి ఎల్లప్పుడును ఉండును.

తెలుగు రైతు నోట బాపట్ల పేరు ఎట్లు నిలిచినదో గమనింపదగినది. 1986లో విడుదలయైన సాంబ మసూరి వరికి బి.పి.టి. 5204 అని సంకేతము. ఆ మూడక్షరములును బాపట్లకు గుర్తులు. నేడు ఏ బియ్యపు దుకాణమున నిలుచున్నను ఈ మూడక్షరములు వినబడును. వంగడము పేరున దేశమంతట తిరిగిన ఊరు, నవల పేరున తన జిల్లాయందైనను తిరుగలేదు. ఇది విచిత్రముగా తోచవచ్చును గాని, మా దృష్టిలో ఇది విమర్శకుడు పట్టించుకొనవలసిన చారిత్రక విషయము.

బాపట్లనుండి సుమారు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక ఉన్నది. దారి పొడవున ఇసుకనేలలు, సరుగుడు తోటలు, జీడిమామిడి. ఆవల విశాలమైన తీరము, వలలు ఆరవేసికొను పల్లెకారుల గుడిసెలు, ఒక ప్రక్క వాయుసేన స్థావరము. కార్తికమాసమున సముద్రస్నానమునకు జనము బండ్లపై వచ్చుట పూర్వాచారము. ఆదివారములందు విద్యార్థులు వచ్చుట తరువాతి ఆచారము. ఈ రెండవ ఆచారమునకు ఒక దుఃఖకరమైన పార్శ్వమును కలదు. ఈ తీరమున స్నానమునకు దిగిన విద్యార్థులు అలలలో కొట్టుకొనిపోయిన వార్తలు పత్రికలలో పలుమారులు వచ్చియున్నవి. లోనాడు జిల్లాలనుండి వచ్చిన బాలునకు సముద్రము చెరువువలె కనబడును; పల్లెకారునకు అట్లు కనబడదు. ఈ రెండు చూపుల నడుమ నున్న దూరమే ఒక నవలకు చాలిన వస్తువు.

ఇక ఇసుకనేలను గూర్చి ఒక మాట. తీరప్రాంతపు రైతు దొరువు అను చిన్న గుంతను త్రవ్వి, దానిలోని నీటిని కడవలతో ఎత్తి నారుమళ్లకును కూరమళ్లకును పోయుట తరతరముల వాడుక. ఇసుకలోనికి ఇంకిన వాననీరు ఉప్పునీటికంటె తేలికయగుటచే పైన ఒక పలుచని పొరగా నిలుచును. ఆ పొరను మెల్లగా తోడుకొన్నంతవరకు తీపినీరు. ఆత్రపడి లోతుగా త్రవ్వినను, అతిగా తోడినను ఉప్పు పైకి వచ్చును. బాపట్లలోని లవణజల పరిశోధకులు ఈ దొరువునే ఆధారముగా గొని, ఇసుకలో అడ్డముగా గొట్టములు పరచి నీటిని ఒక బావిలోనికి చేర్చు పద్ధతిని రూపొందించిరి. రైతు ఎరిగిన విషయమును శాస్త్రజ్ఞుడు నేర్చుకొని, దానిని మరల రైతునకు చూపిన సందర్భమిది. వ్యవసాయ విద్యార్థి చివరి సంవత్సరమున కొన్ని నెలలు పల్లెలో రైతుకుటుంబముల నడుమ ఉండి పని నేర్వవలెనను నియమము కూడ కలదు. రైతుబిడ్డ పట్టణమునకు వచ్చి, అక్కడినుండి విద్యార్థి పేరున మరియొక రైతు ఇంటికి పంపబడును. ఆ యింటి అరుగుపై కూర్చుండి వ్రాతపుస్తకము విప్పినపుడు అతడు ఎవరు? ఇంటివాడా, అతిథియా, అధికారియా? ఈ ప్రశ్నను ఏ తెలుగు నవలయు సూటిగా అడిగినట్లు మాకు కనబడలేదు. వస్తువు లేదనువారు దీనికి ఏమి చెప్పుదురో!

వస్తువు లేకపోవుట కారణము కానిచో, మరి కారణమెక్కడ నున్నది? మన ప్రసిద్ధ నవలలను వరుసగా చూచినచో అది కొంతవరకు తెలియును.

బారిస్టరు పార్వతీశము మొగలితుర్రువాడు. నరసాపురము టైలరు హైస్కూలున చదివినవాడు. అనగా పుట్టుకచే తీరవాసి. అయినను అతని కథ తీరమును విడిచిపెట్టుటతో ప్రారంభమగును. కాలువలో పడవపై నిడదవోలునకు, అక్కడినుండి రైలుపై మద్రాసునకు, పిదప ఓడపై సీమకు. ఈ ప్రయాణములోని ప్రతి మజిలీయందును హాస్యము పొంగి పొరలును. ఈ హాస్యమునకు మూలము చూపులో నున్నది. పల్లెటూరి యువకుడు తన కన్నులతో పరస్థలమును చూచును. పరస్థలము అతనిని చూచి నవ్వును. ఆ రెండును ఒకే వాక్యమున జరుగును. శాస్త్రిగారు స్వయముగా ఎడింబరోలో చదివినవారగుటచే అచ్చటి వివరములకు బలము కలిగినది. మనకు విచారము కలిగించునది వేరొకటి. ఇంతటి సునిశితమైన కన్ను నరసాపురముపై నిలువలేదు. టైలరు హైస్కూలు కథకు మెట్టు మాత్రమే; దానిని ఎక్కి దాటిపోవుటయే గాని దానిపై కూర్చున్నది లేదు.

అడివి బాపిరాజుగారి నారాయణరావు 1934లో వేయిపడగలతోపాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్న నవల. కోనసీమ సంపన్న కుటుంబమునకు చెందిన న్యాయశాస్త్ర విద్యార్థి ఇందు నాయకుడు. నవల రైలుబండిలో, మిత్రబృందము నడుమ తెరచుకొనుట మన ప్రకృతమునకు ముఖ్యమైన విషయము. రైలులో కూర్చున్న విద్యార్థిని జమీందారు చూచి మెచ్చును, అల్లునిగా కోరును. విద్యార్థి యనగా ఇక్కడ రూపము, కులము, వాక్చాతుర్యము, భవిష్యత్తు గల వరుడు. బాపిరాజుగారు పిదప బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షులై కొన్నేండ్లు పనిచేసిరి. చిత్రకారుని కన్ను గల ఆ మహనీయుడు బందరు వీథులలో తిరుగు విద్యార్థులను కథానాయకులుగా తీసికొని మరియొక నవల వ్రాసియున్నచో మన సాహిత్యమునకు ఎంత లాభము కలిగియుండెడిదో ఊహింపవచ్చును. నారాయణరావుపై మాకు గౌరవము కలదు. అయితే విద్యార్థి జీవితచిత్రణముగా దానిని పాఠ్యప్రణాళికలలో చేర్చుట మాత్రము సమంజసము కాదు. అది వివాహమును గూర్చిన నవల.

కొడవటిగంటి కుటుంబరావుగారి చదువు వేరు త్రోవ త్రొక్కినది. తెనాలి మట్టిలో పుట్టిన ఈ రచయితకు విద్య ఒక అలంకారము కాదు. అది కుటుంబము పెట్టుబడి పెట్టు వ్యాపారము. సుందరము అక్షరాభ్యాసముతో మొదలిడిన కథ మొదటి ప్రపంచయుద్ధమును, సహాయనిరాకరణోద్యమమును దాటి ఆర్థికమాంద్యమువరకు సాగును. మధ్యలో అతడు ఉన్నతవిద్యకై కాశికి పోవును. ఈ నవల గొప్పతనము పాఠమునకు, జీవితమునకు నడుమ నున్న పగులును ఏ ఆవేశమును లేక చూపుటలో నున్నది. చదివినకొలది సుందరమునకు లోకము అర్థమగుటకు బదులు, లోకమునుండి అతడు కొంచెము కొంచెముగా జరిగిపోవుచున్నట్లు పాఠకునకు తోచును. తెలుగున విద్యను గూర్చి ఇంతటి నిష్పక్షపాతమైన నవల మరియొకటి లేదని మా నిశ్చయము. కాని ఇందును విద్యార్థి పోయిన చోటు చదువునకు ఒక దశ మాత్రమే. కుటుంబరావుగారికి కాలము ముఖ్యము, స్థలము కాదు. ఇది దోషము కాదు. రచయిత ఎన్నుకొన్న మార్గము.

ఈ మూడింటిని కలిపి చూచినపుడు ఒక సామాన్యలక్షణము తేలుచున్నది. కథకుని దృష్టి విద్యార్థితోపాటు ప్రయాణము చేయును. అతడు బండి ఎక్కినచో కథయు బండి ఎక్కును. అతడు దిగినచో దిగును. అట్టి కథకు చదువుకొన్న ఊరు ఒక స్టేషను మాత్రమగును. స్టేషనులో కాపురముండువాని కథ ప్రయాణికునకు తెలియదు. మద్రాసువంటి మహానగరమైనచో స్టేషనుకూడ చూడదగిన వింతయగును. కావున నవల కొంతసేపు నిలుచును. బాపట్లవంటి ఊరైనచో బండి కూతపెట్టి సాగిపోవును. చిన్న పట్టణము మన నవలలో లేకపోవుటకు వస్తుదారిద్ర్యము కారణము కాదు, దృష్టిస్థానము కారణము.

ఈ నియమమును భంగపరచిన నవల ఒకటి కలదు. అది డాక్టరు పి. శ్రీదేవిగారి కాలాతీతవ్యక్తులు. 1950 దశకపు చివర తెలుగు స్వతంత్రలో వెలువడిన ఈ నవల విశాఖపట్టణమున జరుగును. ఆనాటి విశాఖ నేటి మహానగరము కాదు. విశ్వవిద్యాలయమును, 1923లో స్థాపితమైన వైద్యకళాశాలయు, ఓడరేవును ఉన్నను, పొరుగువాని ఇంట ఎవరు వచ్చిపోవుచున్నారో అందరు ఎరిగియుండు పట్టణము. రచయిత్రి స్వయముగా వైద్యురాలు; 1961లో చిన్న వయస్సుననే దివంగతురాలైనది. ఈ నవలపై మన విమర్శకులు వ్రాసినది తక్కువ కాదు. అయితే దాదాపు అంతయు ఇందిర శీలమును గూర్చిన వాదోపవాదములే. ఆమె స్వార్థపరురాలా, స్వతంత్రురాలా, ఆనాటి సంఘము ఆమెను భరింపగలిగెనా అనునవి చర్చాంశములు. మా ఆసక్తి వేరు. ఈ నవలలో ఎవరు ఎక్కడ కాపురమున్నారో చూడవలెనని మా మనవి.

మేడమీది గదిలో వైద్యవిద్యార్థి ప్రకాశము ఉండును. క్రింద ఇందిర తన తండ్రితో ఉండును. ఉద్యోగము చేసి ఆమెయే సంసారమును లాగుకొనివచ్చుచుండును. చదువుకొనుటకు వచ్చిన కల్యాణియు ఆ యింటనే ఆశ్రయము పొందును. చదువుచున్నవారు ఇరువురు, సంపాదించుచున్నది ఒకతె. అందరును ఒకే కప్పు క్రింద, ఒకే మెట్లపై ఎక్కుచు దిగుచు నుందురు. చదువుచున్నవారి ఖర్చునకు ఇంటినుండి పైకము వచ్చును. పైకము పంపువారికి వారిపై అధికారము ఉండును. ప్రకాశము విషయమున ఆ అధికారమే కడకు అతని వివాహమును నిర్ణయించును. ఇందిరపై ఎవరి అధికారమును చెల్లదు. ఆమెకు పైకము పంపువారు లేరు. ఈ ఆర్థికభేదము నవలలో ప్రతి సంభాషణమునకును అడుగున ఉన్నది. ప్రకాశము దుర్బలుడని విమర్శకులందరు వ్రాసిరి. అది సత్యమే గాని చాలదు. అతడు విద్యార్థి కనుక దుర్బలుడు. పరుల పైకముతో బ్రతుకువాని మనస్సునకు స్వేచ్ఛ ఉన్నట్లు తోచును, చేతికి ఉండదు. ఇందిర ఈ సంగతిని మొదటినుండియు పసికట్టినదని మా అభిప్రాయము. ఆమె అతనిని చూచు చూపులో మోహమున్నది, దానితోపాటు ఒక అంచనాయు నున్నది.

శ్రీదేవిగారు సాధించిన విశేషమిదియే. విద్యార్థిని విద్యార్థియే చూచుకొన్నచో కనబడనిది, చదువు మానియో లేక చదువునకు నోచుకొనకయో అదే ఊరిలో పనిచేసికొనుచున్న మరియొకరు చూచినపుడు కనబడును. ఆంగ్లమున 1895లో వెలువడిన హార్డీగారి జూడ్ నవలయందు కూడ విశ్వవిద్యాలయ పట్టణము ఒక రాతిపనివాని కన్నులతో కనబడును. కళాశాల గోడలకు మరమ్మతు చేయువానికి ఆ కళాశాలలో ప్రవేశము లేదు. ఆ నవలలో వలె ఇందిరకు చదువుపై తీవ్రవాంఛ ఉన్నదని మేము చెప్పుటలేదు. రెండు నవలల తత్త్వములును వేరు. దృష్టిస్థానమున మాత్రము పోలిక గలదు.

కాలాతీతవ్యక్తులలోని కొరతను గూర్చియు చెప్పవలెను. వైద్యకళాశాల లోపలి జీవితమునకంటె ఇంటి జీవితమునకే రచయిత్రి ప్రాధాన్యమిచ్చినది. ప్రకాశము ఏమి చదువుచున్నాడో మనకు తెలియును. ఎట్లు చదువుచున్నాడో అంతగా తెలియదు. తాను స్వయముగా నడచిన శవపరీక్షాగారములను, రోగుల వార్డులను శ్రీదేవిగారు ఏల విడిచిపెట్టిరో ఊహింపలేము. 1963లో ఈ నవల ఆధారముగా వచ్చిన చలనచిత్రమునకు చదువుకున్న అమ్మాయిలు అని పేరు పెట్టిరి. నవల పేరులో లేని చదువు చిత్రము పేరులోనికి వచ్చినది.

నవీన్‌గారి అంపశయ్య 1969లో ఈ కొరతను మరియొక దిక్కునుండి తీర్చినది. ఉస్మానియా విద్యార్థి రవి ఒక్క దినపు చైతన్యస్రవంతి అది. బీదరికము, పరీక్షాభయము, కాంక్ష, ఆత్మనింద అన్నియు అతని తలలోనే జరుగును. వసతిగృహపు గది, భోజనశాల, గ్రంథాలయము ఇంత దగ్గరగా అంతకు ముందు మన నవలలో కనబడలేదు. శిల్పదృష్టితో చూచినచో ఇది సాహసము. అయినను ఇది ఉస్మానియా ఆవరణపు నవలయే గాని హైదరాబాదు నవల కాదు; రవిని బయటినుండి చూచు ఇందిర ఇందులో లేదు. ఈ రెండు నవలలను ప్రక్కప్రక్కన పెట్టి పాఠము చెప్పినచో విద్యార్థులకు ఎక్కువ ప్రయోజనమని మా అనుభవము.

ఇక సముద్రమును గూర్చి. మన సాహిత్యమున సముద్రము తరచుగా ఉపమానముగానే వచ్చును. విశ్వనాథవారి చెలియలికట్ట అను పేరే ఇందుకు నిదర్శనము. సముద్రపు హద్దు అక్కడ ధర్మపు హద్దునకు గుర్తు. భావకవులకు అది అనంతమునకు గుర్తు. ఈ గుర్తులన్నియు గొప్పవే గాని తీరపట్టణమున చదువుకొను బాలునకు సముద్రము గుర్తు కాదు, పొరుగు. దాని ఉప్పు కిటికీ చువ్వలకు పట్టును. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపై బాంబులు వేసిన పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తన పుస్తకములను, పరికరములను మూటగట్టుకొని గుంటూరునకు తరలిపోవలసివచ్చినది. సముద్రపు అంచున ఉన్నందుకు ఒక విశ్వవిద్యాలయము చెల్లించిన మూల్యమది. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపాను కృష్ణాతీరమును తుడిచిపెట్టినది. 2023 డిసెంబరు 5వ తేదీన మరియొక తుపాను బాపట్ల చెంతనే తీరము దాటినది. తీరపట్టణపు విద్యార్థికి పరీక్షల పట్టికతోపాటు వాతావరణ హెచ్చరికయు చదువులో భాగమే. పైన పేర్కొన్న నవలలలో ఏ విద్యార్థియు తుపాను రాత్రి వసతిగృహమున దీపము లేక గడపలేదు.

వెల్సు దేశమున అబెరిస్ట్‌విత్ అను చిన్న తీరపట్టణమున 1872లో కళాశాల తెరచినపుడు సముద్రపు ఒడ్డున సగము కట్టి విడిచిన ఒక హోటలు భవనమే దానికి గృహమైనది. సామాన్యజనులు ఇచ్చిన చిల్లరపైసలతో అది నిలిచినదని ఆ దేశస్థులు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. పట్టణమునకు, కళాశాలకు నడుమ అట్టి బాంధవ్యము ఉన్నచోట విద్యార్థిని గూర్చి ఊరికి కథలుండును. మన బందరు జాతీయ కళాశాల చరిత్రలోను ఇట్టి బాంధవ్యము కొంత కనబడును. బాపట్లలోను లేకపోలేదు. అది వ్రాతకెక్కలేదు, అంతే.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. వ్రాయబడని నవలను గూర్చి విమర్శకునకు పని యేమి? ఉన్న గ్రంథములను పరిశీలించుటతో అతని ధర్మము తీరిపోవును గదా! ఈ ఆక్షేపణ న్యాయమైనదే. కాని విశ్వవిద్యాలయ శాఖలలో జరుగు పరిశోధనము ఏ గ్రంథములు ఉన్నవో, ఏవి లేవో నిర్ణయించుటలో కొంత పాత్ర వహించుచున్నది. ఒకే రచయితపై పది సిద్ధాంతవ్యాసములు వచ్చుచుండగా, కళాశాలల వార్షికసంచికలు ఒక్కరైనను తిరగవేయక బీరువాలలో చెదలు పట్టుచున్నవి. విద్యార్థులు స్వయముగా వ్రాసిన కథలు, హాస్యవ్యాసములు, వసతిగృహ వర్ణనములు ఆ సంచికలలోనే ఉండును. వాటిలో చాలభాగము అప్రబుద్ధములని మేము ఒప్పుకొందుము. ఒక కళాశాల గ్రంథాలయమున అట్టి సంచికల కట్టలను తూకమునకు అమ్మివేసిరని విన్నప్పుడు మాకు కలిగిన బాధ ఇంతింత కాదు. ఉత్తమ సాహిత్యము కాదను కారణమున అమ్మిరట! ఆ సంచికలు ఉత్తమ సాహిత్యమునకు ముడిసరకు అను మాట చెప్పువారు అక్కడ లేకపోయిరి.

ఈ సందర్భమున పరిశోధకులకు మా సూచన ఒకటి కలదు. కాలాతీతవ్యక్తులలో గదులు, అద్దెలు, ఇంటినుండి వచ్చు పైకము, భోజనవసతి ఇత్యాదులను మాత్రమే ఏర్చి ఒక పట్టికగా వ్రాసి, పిదప ఆ నవలను మరల చదువవలెను. పాత్రల మాటలు వేరుగా వినబడును. అట్లే తీరపట్టణములలోని కళాశాలల వార్షికసంచికలను ఊరివారీగా సేకరింపవలెను. ఇది ఒక్కరి పని కాదు; ఒక శాఖ పూనుకొని చేయవలసినది. నేడు వ్యవసాయ కళాశాలలలో బాలికలు పెద్దసంఖ్యలో చదువుచున్నారు. వారి సూర్యలంక వేరు, వారి అన్నల సూర్యలంక వేరు. ఆ భేదమునుకూడ నమోదు చేయవలెను.

సంచికలలో లేనిది మనుష్యులయొద్ద ఉండును. 1945లో బాపట్ల కళాశాలలో చేరిన తొలిబృందపు విద్యార్థులను అడిగి తెలిసికొను కాలము దాదాపు దాటిపోయినది. 1960 దశకమున చదివినవారు ఇపుడు ఎనుబదేండ్లకు అటునిటుగా ఉన్నారు. పరిశోధకులు వారియొద్దకు పోయినపుడు గురువుల గొప్పతనమును గూర్చి అడుగనక్కరలేదు. అది వారే చెప్పుదురు. అడుగవలసినవి వేరు. నెలకు భోజనశాల ఖర్చు ఎంతయ్యెడిది, ఇంటినుండి మనియార్డరు ఏ తేదీన వచ్చెడిది, రానపుడు ఎవరు అప్పు పెట్టిరి? ఆదివారము సూర్యలంకకు నడచిపోయిరా, సైకిలుపై పోయిరా? నీటిలో దిగవలదని చెప్పిన పల్లెకారుని పేరు ఎవరికైనను గుర్తున్నదా? వడ్డించినవాడు ఏ ఊరివాడు, అతని కుమారుడు ఎక్కడ చదివెను?